చుక్క నిలిచిన పలక

వేశాడా, వెయ్యలేదా?

పాలిష్ మేస్త్రి తోటవైపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో అన్నం డబ్బా ఉంది. డబ్బాలో సగం అన్నం ఉంది, సగం లేదు, లేని సగం తన కడుపులోకే వెళ్ళి ఉండాలి, ఎందుకంటే దగ్గర్లో కాకి కూడా లేదు. వీపు వెనక ఇంటి గోడ దాకా పరుచుకుని ఉంది చెక్క అరుగు. ఇంటివాళ్ళు దాన్ని డెక్ అంటారు, మేస్త్రి అరుగనే అంటాడు, ఏ పేరుతో పిలిచినా ఎండకీ వానకీ అది చెక్కే కదా. దానికి నిన్న స్టెయిన్ రంగు పట్టించాడు. అది గుర్తుంది, ఏ పలక దగ్గర మోకాలు కలుక్కుమందో కూడా గుర్తుంది. ఇవాళ ఆ రంగు మీద సీలర్ వెయ్యాలి, నీళ్ళు చెక్కలోకి దిగకుండా కాపాడే పూత. పొద్దున వచ్చాడు. గోడ అంచున టేపు అంటించాడు. సీలర్ డబ్బా మూత స్క్రూడ్రైవరుతో లేపాడు, పుల్లతో అడుగుదాకా కలిపాడు, పాలలా తెల్లగా ఉంది, పైన బుడగలు లేచాయి, బుడగలు అణిగేదాకా ఆగాలి అనుకున్నాడు. ఆగాడు. ఆ తర్వాత అన్నం డబ్బా. బుడగలకీ అన్నానికీ మధ్య ఒక పూట ఉండాలి. ఆ పూట లేదు. జేబులో ఉందనుకున్న వస్తువు కోసం చెయ్యి పెడితే వేళ్ళు చిల్లులోంచి బయటికి వచ్చినట్టయింది.

భయపడకు, అనుకున్నాడు, అనుకోగానే భయం వేసింది. ఆలోచిస్తే వస్తుంది, అందరికీ ఇలా అవుతుంది, వీధి తలుపుకి తాళం వేశామా లేదా అని సగం దారిలోంచి వెనక్కి పరిగెత్తేవాళ్ళు లేరా, పొయ్యి ఆపామా లేదా అని సినిమా మధ్యలో లేచి వచ్చేవాళ్ళు లేరా. కానీ తాళం వెయ్యడం ఒక్క క్షణం పని. ఇంత అరుగుకి సీలర్ వెయ్యడమంటే వంగి, మోకాళ్ళ మీద జరుగుతూ, పలక తర్వాత పలక, నడుం విరిగే పని. వేస్తే నడుం చెప్పాలి. నడుముని అడిగాడు. నొప్పిగానే ఉంది, కానీ దానికి నొప్పి లేని రోజేది, నిన్నటి సాక్ష్యమే ఇవాళా చెబుతుంది. బ్రష్ చూశాడు. మెట్టు పక్కన మేకుకి వేలాడుతోంది, తడిగా ఉంది. తడిగా ఉందంటే వాడి కడిగినట్టా? ఏమో, పని మొదలుపెట్టే ముందు కూడా దాన్ని నీళ్ళలో ముంచి విదిలించడం అలవాటు, లేకపోతే కుచ్చు తాగాల్సినదానికన్నా ఎక్కువ తాగుతుంది. డబ్బా ఎత్తి చూశాడు. సగానికి పైగానే ఉంది. అది పోయిన పనిలో మూత తీసిన డబ్బా, అక్కడ ఎంత వాడాడో అదీ గుర్తులేదు, కానీ అది గుర్తుండక్కర్లేని సంగతి, దానికి భయపడక్కర్లేదు. భయపడాల్సినవీ అక్కర్లేనివీ ఇలా వేరు చెయ్యడం ఎప్పట్నుంచి మొదలుపెట్టాడు తను? వాసన చూద్దామంటే ముక్కు ఎప్పుడో టర్పెంటైన్‌కి ధారపోశాడు. ఇక మిగిలినవి కళ్ళు. మెడ తిప్పి చూశాడు. అరుగు నిన్న సాయంత్రం ఎలా ఉందో అలాగే ఉంది, తేనెకీ మట్టికీ మధ్య రంగు, మెరుపు లేదు. వార్నిష్ అయితే అద్దంలా మెరిసి గుట్టు చెప్పేసేది. ఇది మెరవని రకం సీలర్. ఆరిందంటే వేసినట్టే ఉండదు, అందుకే ఏరికోరి తెచ్చింది.

ఏరింది కూడా తను కాదు, ఈ ఇంటి పెద్దావిడ. అది ఎంత బాగా గుర్తుందంటే, అంత బాగా గుర్తున్నందుకే ఇప్పుడు కోపం వస్తోంది. మొదటిరోజు పూలకుండీల వెనక, ఎవరి కంటా పడని మూలలో, రంగులన్నీ చిన్న చిన్న మచ్చలుగా పూసి చూపించాడు. డబ్బా మీద బొమ్మ చూసి ఎంచుకోకూడదు, అదే చెక్క మీద, అదే ఎండలో చూసి ఎంచుకోవాలి. ఇంటావిడకి అసలు రంగే వద్దు. చెక్క చెక్కలా ఉండాలి, చారలన్నీ కనపడాలి అంది. "రంగు లేకపోతే ఎండ తినేస్తుందమ్మా, వానని ఆపేది సీలర్ గానీ ఎండని ఆపేది రంగే. ఊరికే వదిలేస్తే బూడిద తిరుగుతుంది" అని చెప్పాడు. ఇంటాయనకి కాఫీగింజ రంగు కావాలి, చిక్కగా, దట్టంగా. "అంత దట్టంగా వేస్తే అది రంగు కాదు సార్, దుప్పటి" అన్నాడు. మొగుడూ పెళ్ళాం ఎడ్డెమంటే తెడ్డెమంటున్నారు. ఈలోగా పెద్దావిడ, ఇంటాయన తల్లి, చెప్పులు విడిచి ఆ ఎర్రటి ఎండలోకి వచ్చి ఒక్కో మచ్చ మీదా అరికాలు ఆనించి చూసింది. కాఫీగింజ మీద పెట్టిన కాలు పెట్టినట్టే తీసేసింది. "ఇది కాలుస్తోంది. మీరు చెప్పులేసుకుని తిరుగుతారు, ఉత్తకాళ్ళతో తిరిగేది నేను" అంది. తేనెరంగు మీద మాత్రం కాసేపు నిలబడింది. తర్వాత సీలర్ల వంతు వచ్చింది. మెరిసేదాని మీద చెంబుతో నీళ్ళు పోయించి, బొటనవేలితో రుద్ది, "ఈ అద్దం మీద జారిపడితే ఎవరెత్తుతారు, నువ్వెత్తుతావా మేస్త్రీ?" అంది. మెరవనిదాని మీద వేలు జారలేదు. "ఇదే" అంది, ఇంటికి సంబంధించిన గొడవ అంతటితో తీరిపోయింది. రంగుని కళ్ళతో ఎంచుకునేవాళ్ళనే చూశాడు ఇన్నేళ్ళూ, కాలితో ఎంచుకున్న మనిషిని చూడటం అదే మొదలు. ఆ రోజు ఆవిడ మడమకి అంటిన ధూళి కూడా గుర్తుంది. ఇవాళ పొద్దున తను ఏం చేశాడో గుర్తులేదు.

సరే, గుర్తులేదు. లేకపోతే పోయె, ఇప్పుడు వేసెయ్యరాదూ, వేసినదాని మీద ఇంకోసారి పడితే కొంపలేం మునుగుతాయి? మునుగుతాయి. ఈ రకం సీలర్ చెక్క తాగినంతే లోపలికి పోతుంది. ఒకసారి తాగి ఆరిన చెక్క నోరు మూసుకుంటుంది, రెండోసారి పోస్తే తాగదు, పైన జిగురుగా మిగిలిపోయి నాలుగు ఎండలు కాసేసరికి పొలుసులు లేస్తుంది, పెద్దావిడ అరికాలికి అంటుకుంటుంది. అంతా గీకి మళ్ళీ మొదటికి రావాలి, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. పోనీ వెయ్యకుండా వదిలేస్తే? మేడల వెనక మబ్బు కమ్ముతోంది, గాలి చల్లబడింది, సాయంత్రానికి వాన దిగేలా ఉంది. సీలర్ లేని కొత్త రంగు మీద వాన పడితే చెక్కంతా బొల్లి మచ్చలే. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో అన్నం డబ్బా పట్టుకుని తను.

తెలుసుకోవడం ఎలాగో తెలియక కాదు. ఈ పనిలో చేరినవాడెవడైనా మొదటి వారమే నేర్చుకుంటాడు. చెక్క మీద ఒక నీటిచుక్క వెయ్యి. చుక్క ఇంకిపోతే సీలర్ లేదు. పూసలా గుండ్రంగా నిలబడితే సీలర్ ఉంది. అంతే. నీళ్ళ సీసా పక్కనే ఉంది, చెయ్యి చాపితే అరుగు. చెయ్యి చాపడం లేదు. ఎందుకంటే ఈ చుక్క చెప్పేది చెక్క సంగతి కాదు, చెక్క సంగతి ఎవడిక్కావాలి. చుక్క ఇంకిందంటే తను పొద్దున ఏ పనీ చెయ్యలేదు, చెట్టు నీడన ఓ కునుకు తీశాడు, ముదిరిన ఒళ్ళు, పైన ఎండ, ఎవరూ తప్పు పట్టరు. నిలబడిందంటే మాత్రం తను వేశాడు. పూట పూటంతా మేలుకునే ఉన్నాడు, వంగాడు, ముంచాడు, విదిలించాడు, పలక వెంట పలక అన్నీ పద్ధతిగా చేశాడు, చేసినవాడు మాత్రం అక్కడ లేడు. మరి చేసిందెవరు? అన్నయ్యకి వచ్చిందే ఇది. ఆ మాట రానివ్వకూడదని అంతసేపట్నుంచీ మనసు తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు, అది కిటికీలోంచి వచ్చేసింది. అన్నం డబ్బా మూత పెట్టాడు, మూత పెట్టానని ఒకసారి పైకే అనుకున్నాడు.

పని నేర్పింది అన్నయ్యే. వేళ్ళ మీద బ్రష్ ఎలా ఆనాలో, మణికట్టు ఎక్కడ వదులవ్వాలో, చెయ్యి పట్టి దిద్దించాడు. అన్నయ్యకి మొదట్లో అది నవ్వులాటలాగే ఉండేది. చేతిలోనే బ్రష్ పట్టుకుని బ్రష్ ఏదిరా అనేవాడు, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, తను నవ్వేవాడు, అన్నయ్యా నవ్వేవాడు. తర్వాత తర్వాత అన్నయ్య ఒక్కడే నవ్వేవాడు, ఎవరైనా ఏదైనా అనేలోపలే, ముందుగా. ఒక ఇంట్లో లేతరంగు ఎంచుకున్న మెట్లకి ముదురురంగు వేసి, మీరే చెప్పారని ఇంటివాళ్ళతో పోట్లాడాడు. అబద్ధమాడేవాడి కళ్ళు కావు అవి, నిజంగా విన్నవాడి కళ్ళు. ఆ రోజునుంచీ అన్నయ్య చేసి వెళ్ళిన పనిని తను వెనకాల వెళ్ళి సరిచేసేవాడు. అన్నయ్యకి చెప్పలేదు, వదినకి చెప్పలేదు, కప్పిపుచ్చడమే ప్రేమ అనుకున్నాడు, వదినకి తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది. ఒకరోజు తను బల్లకి పాలిష్ పెడుతుంటే అన్నయ్య గుమ్మంలో కూర్చుని చాలాసేపు చూశాడు. చూసి, "చెయ్యి చక్కగా తిరుగుతోంది బాబూ, ఎవరు నేర్పారు నీకు?" అన్నాడు. "మా అన్నయ్యండీ" అన్నాడు తను. సొంత అన్నని అండీ అన్నాడు, అంత మర్యాదగా అడిగితే నోట్లోంచి అలా వచ్చేసింది. "మంచి పనిమంతుడే అయ్యుంటాడు" అన్నాడు అన్నయ్య. ఆ బల్ల ఇప్పటికీ ఇంట్లో ఉంది. మేస్త్రి దాని మీద ఎప్పుడూ అన్నం తినడు.

ఇప్పుడు మనసు ఒక్కొక్కటీ ఏరి ముందు పోస్తోంది. మొన్న బస్సు దిగాల్సిన చోట దిగలేదు, తర్వాతి చోట దిగి, కాస్త గాలికి నడుద్దామని ఇక్కడ దిగానని పక్కన నడిచేవాడికి చెప్పాడు, వాడు అడగలేదు, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం కాకపోతే ఏమిటది. అల్లుడి పేరు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కిపోయింది, ఆ సాయంత్రమంతా బాబూ బాబూ అని నెట్టుకొచ్చాడు. కళ్ళజోడు సీలర్ డబ్బాల సంచిలో దొరికింది. ఇవన్నీ ఎవరి బతుకులో వెతికినా దొరుకుతాయి, పేలున్నాయనుకుంటే తలంతా దురదే. భార్య పక్కన ఉంటే ఈ గోల ఉండేది కాదు. ఆవిడా మేస్త్రితోపాటే పనికి వస్తుంది, గరుకు కాగితం పట్టి చెక్క నున్నగా రుద్దే పని ఆవిడదే, రుద్దుతూ మాట్లాడుతూనే ఉంటుంది, ఆ మాటల మీద ఎక్కి పని దానంతటదే నడిచిపోతుంది. చెల్లెలి కూతురికి నొప్పులు మొదలయ్యాయంటే పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళింది. ఆవిణ్ణి తలుచుకోగానే జేబులో ఫోను మోగింది, ఆవిడే.

"ఆడపిల్ల పుట్టిందండీ! అన్నం తిన్నారా?"

"తింటున్నా. తల్లీ బిడ్డా బాగున్నారా?"

"బాగున్నారు. సీలర్ అయిందా? ఇక్కడ వాన మొదలయ్యేలా ఉంది."

"ఆఁ, అవుతోంది" అన్నాడు. అవుతోంది. ఎంత సుఖమైన మాట, వేసినా అబద్ధం కాదు, వెయ్యకపోయినా అబద్ధం కాదు. అన్నయ్య కూడా ఇలాంటి మాటలే వెతుక్కునేవాడు.

"గొంతు అదోలా ఉందేం?"

"ముద్ద అడ్డుపడింది."

నీళ్ళు తాగమని చెప్పి ఫోను పెట్టేసింది. మేస్త్రి నీళ్ళ సీసా వంక చూశాడు. అన్నం డబ్బాకి మూత పెట్టి ఎంతసేపైంది, ఏ ముద్ద అడ్డుపడింది? ఆడపిల్ల పుట్టిందన్న మాటకి పేరేం పెడుతున్నారని కూడా అడగలేదు. అబద్ధం అంత సాఫీగా, తడుముకోకుండా వచ్చేసింది. అన్నయ్య నవ్వుకీ తన ముద్దకీ పెద్ద తేడా కనపడలేదు.

"మేస్త్రీ, అడుగు పెట్టొచ్చా?"

అరుగుకి అవతల, ఇంటి తలుపు తీసుకుని పెద్దావిడ నిలబడి ఉంది, ఉత్తకాళ్ళతో. కొడుకూ కోడలూ పనుల మీద వెళ్ళిపోతే పగలంతా ఇంట్లో ఆవిడొక్కతే. "నా కుర్చీ అటు చెట్టు కింద పెట్టేశారు. కాసేపు అక్కడ కూర్చోకపోతే నాకు పొద్దు గడవదు" అంది. ఏం చెప్పాలి? సీలర్ వేసి ఉంటే రేపటిదాకా కాలు మోపకూడదు. వెయ్యకపోతే భేషుగ్గా నడిచి రావచ్చు. అరుగుకి మేస్త్రి తను, అరుగు మీద అడుగు పెట్టొచ్చో లేదో తనకి తెలీదు. "ఇంకాసేపు ఆగండమ్మా" అన్నాడు. "ఇంకాసేపంటే ఎంతసేపు?" అందావిడ. మేస్త్రి మబ్బు వంక చూశాడు. ఆవిడ తనకి తోచినట్టు అర్థం చేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎవరూ చూడటం లేదు. చూసేలోపల తేల్చుకోవాలి. సీసా మూత తీశాడు, తిన్నగా వంచితే చుక్క బదులు గుక్కెడు పడుతుందని మూతలోకి వంచుకుని, మెట్టు పక్కనున్న పలక మీద వేలితో ఒక చుక్క వదిలి, కళ్ళు మూసుకున్నాడు. దేవుడా, ఇంకిపోనీ. పనిదొంగనే అవనీ, నిద్రపోతునే అవనీ, నలుగురూ తిట్టనీ, ఇంకిపోనీ.

కళ్ళు తెరిచాడు. చుక్క లేదు. చిన్న నల్లటి తడిమరక ఉంది, అది కూడా చూస్తుండగానే చెక్కలోకి దిగిపోయింది. పక్కన ఇంకో చుక్క వేశాడు, అదీ ఇంకింది, ఆ పక్క పలక మీద వేశాడు, చెక్క గుటుక్కున మింగింది. వెయ్యలేదు! మేస్త్రికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెయ్యలేదురా, నిద్రపోయావు, ముసలిపీనుగా, ఎండకి కునుకు పట్టి నిద్రపోయావు, ఎంత మంచి నిద్ర, ఎంత పవిత్రమైన సోమరితనం! మోకాళ్ళ నొప్పి కూడా తెలియకుండా లేచాడు. డబ్బా, బ్రష్, గుడ్డ తీసుకుని పూలకుండీల పక్కగా అరుగు చుట్టూ తిరిగి ఇంటి గోడవైపు వెళ్ళాడు, ఎందుకంటే ఎప్పుడైనా గోడ దగ్గర మొదలుపెట్టి మెట్లవైపు వెనక్కి జరుగుతూ రావాలి, లేకపోతే తడి మధ్యలో చిక్కుకుపోతారు. అన్నీ గుర్తున్నాయి, చూశావా, అన్నీ గుర్తున్నాయి. వాన రాకముందే ముగించెయ్యొచ్చు. రాత్రి భార్యకి ఈ భయం సంగతి నవ్వుతూ చెప్పొచ్చు. బ్రష్ ముంచి అంచుకి ఒత్తాడు.

"మళ్ళీ వేస్తున్నావేమయ్యా?" పెద్దావిడ కిటికీలోంచి అడిగింది. "ఇక్కడ పొద్దున వేశావుగా."

మేస్త్రి చెయ్యి గాలిలోనే ఆగింది. "ఎక్కడమ్మా?"

"ఇక్కడే, నా కిటికీ కింద. నేను చూస్తూనే ఉన్నాను."

లేదమ్మా అనబోయాడు, అది నిన్నటి స్టెయిన్ అనబోయాడు, మీరే చెప్పారని పోట్లాడిన అన్నయ్య గొంతు చెవిలో వినిపించి నోరు మూసుకున్నాడు. బ్రష్ డబ్బా మీద అడ్డంగా పెట్టాడు. వేలు తడిచేసి గోడ పక్క పలక మీద చుక్క వదిలాడు. చుక్క నిలబడింది. ఎంత గుండ్రంగా నిలబడిందంటే అందులో కిటికీ కనపడుతోంది. ఊదాడు, అటు దొర్లింది, ఇంకలేదు. గుడ్డతో అద్ది, రెండో పలక అంచున వేశాడు, నిలబడింది. మూడోదాని మీద వేశాడు. అరుగు పక్కనే ఒంగి నడుస్తూ, చుక్క వేస్తూ, తుడుస్తూ, ఒక్కచోటైనా ఇంకకపోతుందా అని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఎక్కడా ఇంకలేదు. చిటికెడు చోటు వదలకుండా, పలకల సందుల్లోకి కూడా పట్టించి, ఇంత శుభ్రమైన పని ఈ మధ్య ఎప్పుడూ చెయ్యలేదు, చేసినవాడెవడోగానీ వాడి చెయ్యి బాగుంది.

మెట్లు ఇంకా కాస్త దూరం ఉండగా ఒక పలక ఈ కొసన చుక్కని నిలబెట్టింది. దాని తర్వాతది తాగేసింది. ఇక్కడన్నమాట. చుట్టూ తిరిగి అవతలి కొసకి వెళ్ళి అదే పలక మీద వేశాడు, అక్కడ ఇంకిపోయింది. ఒకే పలకకి ఒక కొసన సీలర్ ఉంది, ఇంకో కొసన లేదు. వెయ్యని పలకల మీదికి మోకాళ్ళతో ఎక్కి, ఆ ఒక్క పలక వెంటా చుక్కలు పెట్టుకుంటూ వెళ్ళాడు. నిలబడింది, నిలబడింది, నిలబడింది, ఇంకింది. రెండు చుక్కల మధ్య వేలు పెట్టాడు. సరిగ్గా ఇక్కడ. పలక మధ్యలో బ్రష్ ఎత్తకూడదు, ఇల్లు తగలబడుతున్నా ఆ పలక కొసదాకా లాగి అప్పుడు పరిగెత్తాలి, ఈ పనిలో మొదట తిన్న దెబ్బ దీనికే తిన్నాడు. పిడుగు పడ్డా ఆగని చెయ్యి ఇక్కడ ఆగింది. ఏమైందిక్కడ? చెక్క మీద ఏమీ లేదు, చార లేదు, గీత లేదు, వేలి కింద నున్నగా ఉంది.

"అక్కడే నిలిచిపోయావు" అంది పెద్దావిడ. ఎప్పుడొచ్చిందో, తలుపు గడప మీద నిలబడి ఉంది. "మోకాళ్ళ మీద ఉండి, ఎవరో పిలిస్తే విన్నట్టు తలెత్తావు. ఎంతసేపటికీ దించలేదు. మేస్త్రీ అని పిలిచాను. ఇటు చూశావు కూడా."

"చూసి?"

"నవ్వావు. లేచి వెళ్ళి బ్రష్ కడుక్కున్నావు. అలిసిపోయావు, తిన్నాక మిగతాది వేస్తావులే అనుకున్నాను."

నవ్వాడట. మేస్త్రి తన మూతి తడుముకున్నాడు. ఇప్పుడు కూడా నవ్వొచ్చు. ఎండ దెబ్బమ్మా అనొచ్చు, వయసమ్మా అనొచ్చు, మీరు మాత్రం ఏవీ మర్చిపోరా అనొచ్చు, ఆవిడ ఒప్పుకుంటుంది, మిగిలిన పలకలు వేసేసి ఇంటికి పోవచ్చు, ఎవరికీ తెలీదు, కొన్నాళ్ళు ఎవరికీ తెలీదు. మాటలన్నీ సిద్ధంగా వరసలో నిలబడ్డాయి. అన్నయ్య కూడా అలాగే నిలబెట్టుకునేవాడని గుర్తొచ్చి మేస్త్రికి అసలు భయం అప్పుడు వేసింది.

"నాకేం గుర్తులేదమ్మా" అన్నాడు. "వేసినట్టే గుర్తులేదు. మీరు పిలిచినట్టు గుర్తులేదు. మా అన్నయ్య ఇలాగే పోయాడు. భయమేస్తోంది."

పెద్దావిడ ఏమీ కాదులే అనలేదు. ఆకాశం వంక చూసింది, మేస్త్రి వంక చూసింది, లోపలికి వెళ్ళి పీట తెచ్చుకుని గడప అవతల వేసుకుని కూర్చుంది. "వాన వచ్చేస్తుంది. మిగిలింది వెయ్యి, నేను చూస్తూ ఉంటాను" అంది.

"మళ్ళీ మధ్యలో ఆగిపోతే?"

"పిలుస్తాను."

"పొద్దున పిలిస్తే నవ్వి లేచిపోయానన్నారుగా."

"అయితే చెంబెడు నీళ్ళు ముఖాన కొడతాను."

"తడి సీలర్ మీద నీళ్ళు పడితే పాడైపోతుందమ్మా" అన్నాడు మేస్త్రి, అలవాటు కొద్దీ.

"పాడైతే మళ్ళీ వేసుకుంటాం. చెక్కేగా."

ఆగిన చోట అతుకు తెలియకుండా కాస్త వెనకనుంచే బ్రష్ ఆనించి, పలక కొసదాకా ఒక్క ఊపున లాగాడు. "ఊఁ" అంది పెద్దావిడ, కథ వింటూ ఊఁ కొట్టినట్టు. తర్వాతి పలక లాగాడు. "ఊఁ." బ్రష్ ముంచుతున్నాడు, అంచుకి ఒత్తుతున్నాడు, ముంచుతున్నానని తెలుస్తోంది, ఒత్తుతున్నానని తెలుస్తోంది, ప్రతిదాన్నీ చేత్తో పట్టుకుని చూసినట్టు చూసుకుంటున్నాడు, పనంటే ఇలా ఉండేది కాదు, పనంటే మర్చిపోవడమే, చెయ్యి నడుస్తుంటే మనిషి ఎక్కడెక్కడో తిరిగి రావడమే, అందులోనే ఉండేది సుఖమంతా. ఇకనుంచి అలా వెళ్ళడానికి భయం. తిరిగి రాకపోతే? "ఊఁ" అంది ఆవిడ, కాస్త గట్టిగా. ఆగాడా? ఆగలేదు, బ్రష్ కదులుతూనే ఉంది, ఆవిడ ఊరికే అంది. వెనక్కి జరిగి, ఇంకో పలక, ఇంకోటి, చివరిది, మెట్టు దిగి నేల మీద నిలబడ్డాడు. అంతా అయిందో లేదో తన కళ్ళతో చూశాడు, చూసింది చాలలేదు. "ఏమైనా మిగిలిందా అమ్మా?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో పని అయిందా అని ఇతరులు తనని అడగడమేగానీ తను అడగడం లేదు. ఆవిడ పీట మీంచి లేచి, ఈ కొసనుంచి ఆ కొసదాకా కళ్ళు చికిలించి చూసి, "లేదు, అయిపోయింది" అంది.

బ్రష్ కడిగాడు. మేకుకి తగిలించాడు. ఫోను తీశాడు, వేళ్ళకి ఇంకా సీలర్ అంటుకునే ఉంది. భార్య ఎత్తేసరికి వెనకనుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది, ఎవరివో నవ్వులు వినిపించాయి.

"సాయంత్రం ఇటు వస్తావా?" అన్నాడు. "కలిసి ఇంటికి వెళదాం."

"ఊరికి ఈ చివరనుంచి ఆ చివరకా? ఎందుకండీ, అక్కణ్ణుంచి తిన్నగా వెళ్ళిపోక" అని భార్య నవ్వింది. "మీకు ఇంటి దారి తెలీదా ఏమిటి?"

మేస్త్రికి కూడా నవ్వు వచ్చింది, పెదవులదాకా వచ్చింది. ఆపుకున్నాడు.

"ఇవాళ తెలుసు" అన్నాడు.

అవతల ఆవిడ నవ్వు ఆగిపోయింది.